ఇరుసు యాడుంది?

"అబ్బాయ్, దీనికి ఇరుసు యాడుంది?"

2006 ఆగస్టులో, టెక్సాస్‌లోని ఒక చిన్న విమానాశ్రయంలో, నాలుగు సీట్ల సెస్నా విమానం రెక్క కింద నిలబడి మా నాన్న అడిగిన ప్రశ్న ఇది. విమానం నడిపేవాడు నా మిత్రుడు, నరసరావుపేట వాడు. సొంతంగా లైసెన్సు సంపాదించి, మరో ఇద్దరితో కలిసి ఆ పాత విమానాన్ని కొనుక్కున్నాడు. నాన్న ప్రశ్నకు అతడు ఒక్క క్షణం మాట రాక నిలబడిపోయాడు. విమానానికి ఇరుసేమిటి అని నాకు నవ్వు వచ్చింది. అతడు మాత్రం నవ్వలేదు. రెక్క కింద ఒకచోట చెయ్యి పెట్టి, "ఇక్కడ బాబాయ్ గారూ. ఈ జానెడు చోటులోనే ఉండాలి" అన్నాడు.

ఆ రోజు ఏం జరిగిందో చివర్లో చెబుతాను. నేను గర్వంగా చెప్పుకోదగిన కథ కాదది. కానీ ఆ ప్రశ్న మూలంగానే, చిన్న విమానంలో మూటల బరువు అనే విషయం మీద ఇన్నేళ్ళుగా దొరికినదల్లా చదువుతూ వచ్చాను. దాని చరిత్ర తవ్వుకుంటూ పోతే అది మా నూజెండ్ల దరిదాపుల దాకా వచ్చింది. మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

* * *

మాది నూజెండ్ల. అప్పటి గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. వినుకొండ మాకు రైలూ, సంతా, సినిమా అన్నీను. మా తాత మిరపకాయల టిక్కీలను ఎడ్లబండికెత్తి అమ్మకానికి తీసుకువెళ్ళేవాడు. బండి కట్టడం చూసిన వారికి తెలుస్తుంది, బరువు ఎత్తడం ఒక పని, దాన్ని సర్దడం వేరే పని. టిక్కీలన్నీ నొగల వైపు పేరిస్తే భారమంతా కాడి మీద పడి ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి. వెనకవైపు పేరిస్తే కాడి పైకి లేచి, మెడకింది తాళ్ళు గొంతుకు బిగుస్తాయి. మిట్ట ఎక్కేటప్పుడు ఒక తీరుగా, పల్లం దిగేటప్పుడు మరో తీరుగా మొగ్గు మారుతుంది. అందుకే తాత ఇరవై టిక్కీలు ఎత్తాక కాడిని రెండు చేతులతో ఒకసారి పైకెత్తి చూసేవాడు. తేలికగా లేవకూడదు, అట్లాగని లేవనంత బరువుగానూ ఉండకూడదు. సరిపోకపోతే ఒక్క టిక్కీని మూరెడు వెనక్కో ముందుకో జరిపించేవాడు. బండిలోని మొత్తం బరువు మారలేదు, బండి మాత్రం మారిపోయింది. చిన్నతనంలో నాకు అదొక గారడీలా ఉండేది.

తాతకు మరో అలవాటు ఉండేది. బయలుదేరే ముందు ఇంట్లోనే తక్కెడ కట్టి ప్రతి టిక్కీనీ తూచి, గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. దానికి కారణముంది. అమ్మకం దగ్గర ముల్లు నిలబడకముందే కాటా దించడం, తరుగు పేరుతో కొంత, మచ్చు పేరుతో కొంత తీసివేయడం ఆయన అనుభవించిన సంగతులు. ఎక్కడ, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం. ఒక ఏడాది ఇంటి గీతలకూ అక్కడి చీటీకీ మధ్య తేడా ఒక బస్తాకు పైగా వచ్చిందట. ఆ సంగతి మా ఇంట్లో రెండు తరాలు చెప్పుకున్నాము. తూకమంటే మా నాన్నకు ఉన్న పట్టింపు అక్కడి నుంచి వచ్చినదే.

* * *

ఇక విమానం సంగతి. మన దేశంలో పౌర విమానయానం పుట్టుకే ఒక బరువు లెక్క. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒక పస్ మాత్ విమానంలో టపా తెచ్చారు. ఆయన 1929 ఫిబ్రవరిలో దేశంలో మొదటి పైలట్ లైసెన్సు పొందిన వారు. విమానంలో ఉన్న ఉత్తరాల బరువు 25 కిలోలు. అప్పటికి ఇంకా కిలోలు రాలేదు కనుక మన పాత లెక్కలో చెప్పుకుంటే, ఎనిమిది వీశెల మణుగు చొప్పున, రెండు మణుగులకు కొంచెం పైన. తపాలా కచేరీలో ఉత్తరాన్ని తులాల్లో తూచేవారు. తులాలు చేరి మణుగులై, ఆ మణుగులు విమానమెక్కాయి.

అహమ్మదాబాదులో ఆ విమానానికి కావలసిన పెట్రోలు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో, ఎడ్లబండి మీద వచ్చింది. ఈ వివరం మొదటిసారి చదివినప్పుడు నాకు తాత గుర్తుకు వచ్చాడు. ఆ బండివాడు కూడా డబ్బాలను ఇరుసు చూసుకునే పేర్చి ఉంటాడు కదా!

బొంబాయి నుంచి మద్రాసు దాకా విమానాన్ని నడిపినది టాటా గారి సహచరుడు నెవిల్ విన్సెంట్. మధ్యలో రాత్రి మజిలీ బళ్ళారి. అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణం 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరు వైపు వెళ్ళింది. బళ్ళారి నుంచి మద్రాసుకు నేరుగా గీత గీస్తే అది రాయలసీమ మీదుగానే పోతుంది. అనంతపురం, కడప ప్రాంతాల పల్లెల వాళ్ళు పొలంలో తల పైకెత్తి చూసిన మొదటి విమానాలలో ఆ టపా విమానమూ ఒకటై ఉంటుందని నా ఊహ. మా వినుకొండ స్టేషను నుంచి అప్పటి మీటరుగేజి రైలు గుంతకల్లు దాకా వెళ్ళేది, ఆ పైన బళ్ళారి. కనుక ఈ మజిలీ మాకు మరీ పరాయిది కాదు.

పస్ మాత్ ఎంత విమానమో చూడండి. ఖాళీగా సుమారు 574 కిలోలు. అన్నీ ఎత్తుకుని నేల విడవగలిగిన గరిష్ఠ బరువు సుమారు 930 కిలోలు. తాత బండి, ఇరవై టిక్కీలు కలుపుకుంటే దానికంటే ఎక్కువే తూగుతుంది. రెంటికీ తేడా సుమారు 356 కిలోలు. ఆ 356 కిలోల్లోనే పైలటు, పెట్రోలు, టపా, ప్రయాణికుడు, అతడి పెట్టె అన్నీ సర్దుకోవాలి. మొదటి ఏడాది మొత్తం మీద టాటా సంస్థ విమానాలలో ప్రయాణించిన వారు 155 మంది. టపా సంచుల మధ్యనో, సంచుల మీదనో కూర్చుని వారు ప్రయాణించేవారని చెబుతారు. చోటూ బరువూ ముందు ఉత్తరాలవి, మనిషి మిగులుబాటులో ఎక్కేవాడు.

ఆ కాలపు చిన్న విమానాలలో మూటలతో పాటు మనిషిని కూడా తూచేవారు. కాటా మీద నిలబడటానికి ఎవరూ సిగ్గుపడేవారు కారు. తర్వాత విమానాలు పెద్దవయ్యాయి. హైదరాబాదులో 1945లో నిజాం రాష్ట్ర రైల్వే, టాటాలు కలిసి ఏర్పరచిన దక్కన్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు డకోటాలు నడిపాయి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. విమానం పెరిగినకొద్దీ ఒక్కొక్కరినీ తూచడం మాని సగటు బరువు వేసుకోవడం మొదలయింది. మన దేశపు నిబంధనలలో ఆ సగటు పెద్దవారికి, చేతి సంచితో కలిపి, 75 కిలోలు. వంద మంది ఎక్కే విమానంలో లావువారూ సన్నవారూ కలిసి లెక్క సరిపోతుంది. నలుగురే ఎక్కే విమానంలో సగటు అన్నమాటకు అర్థం లేదు. అక్కడ కాటాయే ప్రమాణం.

* * *

వినుకొండ నుంచి అదే రైలు మార్గంలో గుండ్లకమ్మ, కురిచేడు దాటి వెళితే దొనకొండ వస్తుంది. మా వైపు వారికి దొనకొండ అంటే రైళ్ళ ఊరు. అక్కడ బ్రిటిషువారి కాలంలో వేసిన విమానాల మైదానం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు అక్కడ దిగి పెట్రోలు పోసుకునేవని పెద్దవాళ్ళు చెప్పేవారు.

అంత మారుమూల ఒక మైదానం ఎందుకు వేశారు? ఇది కూడా బరువు ప్రశ్నే. ఒక లీటరు విమానపు పెట్రోలు సుమారు 720 గ్రాములు. ఎక్కువ దూరం ఆగకుండా పోవాలంటే ఎక్కువ పెట్రోలు మోయాలి, ఎక్కువ పెట్రోలు మోస్తే మనుషులకూ సామానుకూ బరువు మిగలదు. దారి పొడుగునా మజిలీలుంటే తక్కువ పెట్రోలుతో లేచి ఎక్కువ సామాను మోయవచ్చు. బాటసారులు ఎండాకాలంలో నీళ్ళు మొయ్యకుండా చలివేంద్రాలను నమ్ముకుని నడిచినట్లే ఇదీ.

మజిలీలు లేని దారిలో ఏమవుతుందో 1927లో లిండ్‌బర్గ్ చూపించాడు. ఒంటరిగా అట్లాంటిక్ దాటడానికి అతడి విమానం సుమారు 450 అమెరికన్ గ్యాలన్ల పెట్రోలుతో బయలుదేరింది. లేచేటప్పటి బరువులో సగానికి పైగా పెట్రోలే. అందుకని రేడియో వద్దన్నాడు, పారాచూటు వద్దన్నాడు, పటాల అంచులు కూడా కత్తిరించి పడేశాడు. తిండికి అయిదు శాండ్‌విచ్‌లు. కాగితం అంచుల బరువెంతని నవ్వుకోవచ్చు. కానీ అతడు ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడిగాడు, నీ బదులు ఇంత పెట్రోలు మోస్తే ఏం పోతుంది అని.

* * *

ఇప్పుడు మామూలు చిన్న విమానం లెక్క చూద్దాం. సెస్నా 172 ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం, 1956 నుంచి నలభై నాలుగు వేలకు పైగా వచ్చాయి. నా మిత్రుడిది అందులో ఒక పాత రకం. దాని గరిష్ఠ బరువు 1043 కిలోలు, ఖాళీ బరువు సుమారు 650. మిగిలినది 393 కిలోలు. ట్యాంకులు నిండా పోస్తే పెట్రోలు సుమారు 109 కిలోలు తీసుకుంటుంది. ఇక మిగిలినది 284. 75 కిలోల మనుషులు నలుగురంటే 300. అంటే నాలుగు సీట్లున్నాయి, నాలుగు బెల్టులున్నాయి, నిండా పెట్రోలు పోస్తే మాత్రం నలుగురు ఎక్కరాదు, ఒక్క చేతిసంచి కూడా లేకపోయినా సరే. మొదటిసారి విన్న ప్రతివారూ నమ్మరు. బస్సులో నలభై సీట్లుంటే అరవై మందిని ఎక్కించే దేశం నుంచి వచ్చిన వాళ్ళం కదా.

వెనక సామాను అరకు వేరే హద్దు ఉంది. 120 పౌండ్లు, అంటే 54 కిలోలు. మొత్తం బరువులో ఖాళీ మిగిలింది కదా అని ఆ అరలో అంతకు మించి పెట్టరాదు. ఎందుకంటే అది ఇరుసుకు దూరం.

నాన్న అడిగిన ఇరుసు ఇదే. విమానం బరువంతా ఒక్క బిందువు దగ్గర ఉన్నట్లు లెక్క కట్టవచ్చు, దాన్ని గురుత్వ కేంద్రం అంటారు. పూర్తి బరువుతో ఉన్నప్పుడు ఈ రకం విమానంలో ఆ బిందువు ముందుకూ వెనక్కూ జరగడానికి ఉన్న హద్దు తొమ్మిది అంగుళాల లోపే. మన జానెడు. ప్రతి వస్తువు బరువునూ అది ఉన్న దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే ఆ బిందువు దొరుకుతుంది. ముందు సీట్లు కొలత మొదలుపెట్టిన చోటి నుంచి 37 అంగుళాల దూరంలో, వెనక సీటు 73, సామాను అర 95 అంగుళాల దూరంలో ఉంటాయి. కనుక సామాను అరలోని ఒక కిలో, ముందు సీటులోని రెండున్నర కిలోలంత పలుకుతుంది. తాత ఒక్క టిక్కీని మూరెడు జరిపి చేసిన గారడీ రహస్యం ఇంతే.

బరువు మరీ ముందుకు మొగ్గితే విమానం ముక్కు లేవదు, దిగేటప్పుడు కూడా ఎత్తి పట్టడం కష్టం. వెనక్కి మొగ్గితే మరింత ప్రమాదం. ముక్కు తనంతట తాను పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్కలు పట్టు విడుస్తాయి, మళ్ళీ ముక్కు దించడానికి తోకకు బలం చాలదు. బండిలో కాడి పైకి లేస్తే ఎడ్లు ఆగిపోతాయి, మనం దిగి సర్దుకోవచ్చు. గాలిలో దిగి సర్దుకోవడం లేదు.

ఇంకో సంగతి ఎండ. పల్నాడులోని రెంటచింతల పేరు వేసవిలో పత్రికలలో చూడనివారు లేరు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. రెక్కకూ, ఇంజనుకూ, ముందున్న పంకాకూ ముగ్గురికీ ఆ పలచన గాలే ఆధారం. 45 డిగ్రీల మధ్యాహ్నం రెంటచింతల నేల మీద ఉన్న విమానానికి, అది చల్లని రోజున సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్నట్లే లెక్క. అంటే దాదాపు హార్స్‌లీ కొండల ఎత్తు. అదే విమానం, అదే బరువు, తెల్లవారుజామున హాయిగా లేచినది మిట్టమధ్యాహ్నం పరుగు చాలక కంచె దాకా పోవచ్చు. మాచర్ల దగ్గర విజయపురి సౌత్‌లో, నాగార్జునసాగరం పక్కన ఒక చిన్న విమానాల మైదానం ఉంది. అక్కడ ఎగిరిన శిక్షణ విమానాలు సెస్నా 152లు, రెండు సీట్లవి. వాటి గరిష్ఠ బరువు 757 కిలోలు, ఖాళీ బరువు సుమారు 490. గురువు, శిష్యుడు చెరి 75 కిలోలైతే 117 మిగులుతుంది. ట్యాంకు నిండా పెట్రోలు 67. ఇక మిగిలినది 50 కిలోలు, ఒక మిరప టిక్కీ బరువు కంటే కొంచెం ఎక్కువ. మా వైపు ఎండలో ఆ యాభైని కూడా వాడుకోకపోవడమే మంచిది.

* * *

ఈ లెక్కలు పట్టించుకోనందుకు ఏమవుతుందో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. 2001 ఆగస్టు 25న బహామా దీవులలో గాయని ఆలియా, ఆమె బృందం ఎక్కిన సెస్నా 402 లేచిన వెంటనే కూలి, ఉన్న తొమ్మిది మందీ చనిపోయారు. చిత్రీకరణ సామాను, మనుషులు కలిసి బరువు హద్దును వందల పౌండ్లు దాటింది, గురుత్వ కేంద్రం వెనక హద్దు దాటింది. పైలటు విషయంలో ఇతర లోపాలు కూడా బయటపడ్డాయి. కానీ నేల విడవకముందే ఆ విమానం ఎగరగూడని స్థితిలో ఉంది. ఆమె వయసు అప్పటికి 22.

రెండవది 2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్‌లో. 19 మంది ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది ఉన్న బీచ్ 1900 విమానం. కాగితం మీద బరువు సరిపోయింది. కానీ ఆ కాగితంలో వాడినది పాత సగటు. మనుషులు ఆ సగటు కంటే బరువెక్కి చాలా కాలమయింది. దానికి తోడు తోకను కదిలించే తీగ మరమ్మతులో తప్పుగా బిగించి ఉంది. వెనక మొగ్గిన విమానాన్ని అదుపు చేయడానికి తోకకు కదలిక చాలలేదు. 21 మందీ పోయారు. ఆ తర్వాత అమెరికా విమానయాన శాఖ ప్రయాణికుల సగటు బరువును పెంచి రాసింది. 2023లో న్యూజిలాండు విమాన సంస్థ ప్రయాణికులను స్వచ్ఛందంగా కాటా ఎక్కమని అడిగింది కూడా ఇటువంటి సగటు సరిచూసుకోవడానికే.

ఈ రెండో సంఘటన నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అక్కడ ఎవరూ దురాశతో మూటలు ఎక్కించలేదు. అంకె తప్పు, అంతే.

* * *

ఇక నా కథ.

అమ్మానాన్నలు ఆ వేసవిలో మా దగ్గరకు వచ్చారు. మా చెల్లెలి ఊరు కారులో అయిదు గంటల దూరం. మిత్రుడు తన విమానంలో తీసుకువెళతానన్నాడు. ముందురోజు ఫోను చేసి అందరి బరువులూ, సామాను బరువూ అడిగాడు. అమ్మ 68, నాన్న 62, అతడు 84. నా బరువు 72 అని చెప్పాను. నిజానికి ఎంతో నాకు తెలుసు. పెళ్ళినాటి అంకె చెప్పాను. ఎందుకు చెప్పానంటే, సిగ్గు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. సామాను 48 కిలోలు. రెండు పెట్టెల నిండా చెల్లెలికని అమ్మ మోసుకొచ్చిన కారప్పొడులు, పచ్చళ్ళు, కందిపప్పు, ఒక రాతి రోలు. మిత్రుడు లెక్క వేసుకుని, సగం ట్యాంకుతో వెళదాం, దారిలో ఆగి పోసుకుందాం, నాలుగు కిలోలు మిగులుతుంది అన్నాడు.

మర్నాడు విమానాల షెడ్డులో గోడకు ఆనించి ఒక కాటా ఉంది. మిత్రుడు పెట్టెలు తూస్తుంటే నాన్న పక్కన నిలబడి ముల్లు ఆగేదాకా చూశాడు. ఇరుసు ప్రశ్న అడిగినది అప్పుడే. జవాబు విన్నాక తానే వెళ్ళి కాటా ఎక్కాడు. 62. "ఆడవాళ్ళను తూస్తారా ఎవరన్నా" అని నవ్వుతూనే అమ్మ ఎక్కింది. 68. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. "నాది నిన్ననే చెప్పాగా" అన్నాను. నాన్న ఏమీ అనలేదు, కాటా వైపు చెయ్యి చూపించాడు.

81.

మిత్రుడు జేబులోంచి కాగితం తీసి మళ్ళీ కూడాడు. నాలుగు కిలోలు మిగలవలసినది అయిదు కిలోలు ఎక్కువయింది. ఎండ అప్పటికే నలభైకి దగ్గరగా ఉంది. "అయిదు కిలోలకు ఏమవుతుందిరా" అన్నాను. అతడు కోప్పడలేదు. "అయిదు కిలోలు కాదురా. ఈ కాగితంలో ఒక అంకె అబద్ధమని తెలిశాక మిగతా అంకెలను నేనెట్లా నమ్మేది?" అన్నాడు.

నాన్న నాతో అన్నది ఒక్క మాటే. "కాటాకాడ మోసపోయిన ఇల్లు మనది. కాటాను మోసం చేసే ఇల్లు కాదు."

తాత గోడ మీద గీసిన బొగ్గు గీతలు నాకు ఆ క్షణంలో కళ్ళకు కట్టాయి. ఎవరో ముల్లు ఆగకముందే కాటా దించారని రెండు తరాలు చెప్పుకున్న ఇంట్లో పుట్టి, నా బరువులో తొమ్మిది కిలోల తరుగు నేనే తీశాను. దానిని ఎక్కబోతున్నది అమ్మా నాన్నా.

రోలు దింపేద్దామని అమ్మ అన్నది. నేను వద్దని, పెట్టెలు రెండూ తీసుకుని విమానంలోంచి నేనే దిగాను. అప్పుడు ట్యాంకు నిండా పోసుకోవచ్చు, మధ్యలో ఆగనక్కరలేదు అని మిత్రుడు సంతోషించాడు. నాన్న ముందు సీటులో, అమ్మ వెనక. విమానం తేలికగా లేచింది. అది చుక్కయ్యేదాకా కంచె దగ్గర నిలబడి చూసి, రోలునూ పచ్చళ్ళనూ కారు డిక్కీలో సర్దుకుని బయలుదేరాను. చెల్లెలి ఇంటికి చేరేసరికి రాత్రి భోజనాలయ్యాయి. నాకోసం అన్నం పక్కన పెట్టి ఉంచారు. ఆ విషయం నాన్న మళ్ళీ ఎత్తలేదు, ఎప్పుడూ.

* * *

ఆ తర్వాత అతడి విమానం చాలాసార్లు ఎక్కాను. ఇప్పుడు నాకు పద్ధతి తెలుసు. సామాను ఇంట్లోనే తూచుకుంటాను, తాత లాగే. చక్రాల పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుంది కనుక మెత్తని గుడ్డ సంచి వాడతాను, అది ఇరుకు అరలో ఒదుగుతుంది కూడా. బరువైనవి ముందుకు, తేలికైనవి వెనక్కు. ఏదీ కదలకుండా వలతో కడతాము, ఎందుకంటే గాలి కుదుపుకు మూట వెనక్కి జారినా మొగ్గు మారుతుంది. చేరిన చోట దొరికేవి మోయను, బరువైనవి ముందుగా పార్సిలులో పంపుతాను. కట్టుకున్న బట్టలు, బూట్లు, చేతిలోని కెమెరా సహా కాటా ఎక్కుతాను. వచ్చిన అంకె ఎంతైనా అదే చెబుతాను.

2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి నీటి మీద లేచే చిన్న విమానాన్ని ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు ఆ వార్త రెండుసార్లు చదివాను. కృష్ణ మీద, సాగరం మీద అటువంటి విమానాలు మామూలుగా తిరిగే రోజు వస్తే మా పల్నాటి అమ్మలు కూడా రోళ్ళూ పచ్చళ్ళూ మోసుకుని రేవు దగ్గర నిలబడతారు. అక్కడ ఒక కాటా ఉంటుంది. ముల్లు ఆగేదాకా చూసే మనిషి కూడా ఉండాలని నా కోరిక.

నాన్న 2019లో పోయారు. గోడకు సున్నం వేశాక తాత గీతలు కనబడటం లేదు.

చివరగా ఒక మాట. బండిలో బరువు ముందుకో వెనక్కో వాలడాన్ని మా వైపు మొగ్గు అంటారు. మీ ప్రాంతాలలో దీనికి ఏ మాట ఉందో, కాడి ఎత్తి చూసే పద్ధతిని ఏమనేవారో తెలిసినవారు రాయండి. విమానపు పుస్తకాలు తెలుగులో రాయవలసిన రోజు వస్తే, ఆ మాటలు మన దగ్గర సిద్ధంగా ఉండాలి కదా.